గొంతులు ఆగినంక కూడా ఓటీపీ గుర్తుండేది కాదు

స్కిజోఫ్రీనియా అనగానే అందరూ అడిగేది చెవిలో వినిపించే గొంతుల గురించే. నాకూ వినిపించాయి. మందులు మొదలుపెట్టిన కొన్ని నెలలకు తగ్గాయి, ఆ తర్వాత పూర్తిగా ఆగిపోయాయి. జబ్బు నయమైందని ఇంటిల్లిపాదీ సంతోషపడ్డారు. నేను రాయాలనుకున్నది ఆ తర్వాతి సంగతి. గొంతులు ఆగినంక కూడా నాకు పని చేతకాలేదు. ఎందుకు చేతకావడం లేదో తెలుసుకుని, మళ్లీ చేతనయ్యేలా మెదడుకు తర్ఫీదు ఇచ్చుకోవడానికే ఎక్కువ కాలం పట్టింది. అలాంటి తర్ఫీదు ఒకటి ఉంటుందని మాకు ముందుగా చెప్పినవాళ్లు లేరు.

మాది దేవరకొండ దగ్గర ఒక ఊరు. నాయినకు బత్తాయి తోట ఉంది, కొంత పత్తి కూడా వేస్తాడు. డిగ్రీ అయ్యాక నేను ఒక ఆన్‌లైన్ సెంటర్‌లో ఆపరేటర్‌గా చేరాను. ఆదాయం సర్టిఫికెట్లు, కులం సర్టిఫికెట్లు, స్కాలర్‌షిప్ దరఖాస్తులు, పరీక్ష ఫీజులు, అన్నీ చేసేదాన్ని. ఆధార్ కార్డు ఒక్కసారి చూస్తే చాలు, పన్నెండు అంకెలూ తలలో పెట్టుకుని మళ్లీ కార్డు వైపు చూడకుండా కొట్టేసేదాన్ని. లైన్‌లో నిలబడ్డవాళ్లతో మాట్లాడుతూనే పని నడిచేది.

ఇరవై నాలుగో ఏట జబ్బు పడ్డాను. ప్రింటర్ చప్పుడులో నా పేరు వినిపించడంతో మొదలైంది. తర్వాత, సెంటర్‌కు వచ్చేవాళ్లంతా నా గురించే మాట్లాడుకుంటున్నారని నమ్మాను. నిద్ర పోయింది, తిండి పోయింది. అమ్మ చెర్వుగట్టు శివుడి గుడికి తీసుకుపోయింది, అమావాస్య రాత్రి గట్టు మీదే పడుకున్నాం. అమ్మను నేను ఏనాడూ తప్పుపట్టలేదు. ఆమెకు తెలిసిన ఆసరా అది. అన్న మాత్రం ఆగలేదు, నల్గొండలో మానసిక వైద్యుడికి చూపించాడు. ఆ మందుల వల్లే నేను ఇవాళ ఇది రాయగలుగుతున్నాను. ఇప్పటికీ వేసుకుంటున్నాను.

కోలుకున్నంక మళ్లీ సెంటర్‌కు పోయాను. ఎదురుగా ఉన్న మనిషి ఫోన్ చూసి ఓటీపీ చదువుతాడు. ఆరు అంకెలు. నేను కీబోర్డు మీద చెయ్యి పెట్టేసరికి మొదటి రెండే మిగిలేవి. మళ్లీ చెప్పమంటాను, మళ్లీ చెప్తాడు. ఈసారి చివరివి ఉంటాయి, మొదటివి ఉండవు. ఈలోగా టైం అయిపోయి ఇంకో ఓటీపీ పంపాలి. వెనక లైన్ పెరుగుతుంటుంది. ఎవరో పక్కనుంచి "అక్కా, జిరాక్స్ ఎంత?" అంటే చాలు, ఎక్కడున్నానో మర్చిపోయి ఫారం మొదటినుంచి నింపేదాన్ని. ఒకసారి తండ్రి పేరు గడిలో ఊరి పేరు పోయింది. సెంటర్ ఆయన కోప్పడలేదు. "కొన్ని రోజులు ఇంటికాడ రెస్టు తీస్కో బిడ్డా" అన్నాడు. మళ్లీ పిలవలేదు.

ఇంట్లోనూ అంతే. అమ్మ మూడు సామాన్లు చెప్పి దుకాణానికి పంపితే ఒకటే తెచ్చేదాన్ని. టీవీ సీరియల్‌లో ఎవరు ఎవరికి ఏమవుతారో తెలిసేది కాదు, కాబట్టి లేచిపోయేదాన్ని. నలుగురు కూర్చుని మాట్లాడుకుంటుంటే ఒకరి మాట అర్థమయ్యేలోపు ముగ్గురు మాట్లాడేసేవాళ్లు. మౌనంగా కూర్చునేదాన్ని. చుట్టాలు దానికి బద్ధకం అని పేరు పెట్టారు. నాలుగు నెలలు ఇంట్లో కూర్చుని తిని ఒళ్లు బరువెక్కిందన్నారు. ఆ మాటలు ఎంత బాధపెట్టాయో చెప్పలేను. ఎందుకంటే నేను లోపల ఎంత కష్టపడుతున్నానో నాకు తెలుసు. మాట వినపడుతుంది, అర్థమవుతుంది, కానీ నిలవదు.

ఈ సంగతి డాక్టర్‌కు చెప్పింది మా వదిన. ప్రతిసారీ సార్ "గొంతులు వినపడుతున్నయా? నిద్ర పడుతున్నదా?" అని అడిగేవారు, నేను లేవు, పడుతున్నది అనేదాన్ని. అడిగినదానికి జవాబు సరిగ్గానే ఉండేది. ఆ రోజు వదిన మధ్యలో కల్పించుకుని "సార్, పిల్లకు ఏం చెప్పినా మతికుంటలేదు. ఇది మందుల వల్లనా, జబ్బు వల్లనా?" అని అడిగింది.

సార్ పెన్ను పక్కన పెట్టి చెప్పారు. ఈ జబ్బులో మూడు రకాల లక్షణాలు ఉంటాయట. గొంతులు, అనుమానాలు ఒక రకం. ఎవరితో కలవాలనిపించకపోవడం, ఏ పనీ మొదలుపెట్టాలనిపించకపోవడం రెండో రకం. ధ్యాస, జ్ఞాపకం, ఆలోచన వేగం, పనిని వరుసలో పెట్టుకునే శక్తి తగ్గడం మూడో రకం. మందులు మొదటిదాని మీద బాగా పనిచేస్తాయి, మూడోదాని మీద వాటి ప్రభావం చాలా తక్కువ. మనిషి మళ్లీ పనిలో నిలబడతాడా లేదా అన్నది మాత్రం చాలావరకు ఆ మూడోదాని మీదే ఆధారపడుతుంది. చాలామందిలో ఈ తగ్గుదల గొంతులు మొదలవడానికి ముందునుంచే ఉంటుందట. నూరేళ్లకు పైగా కిందట జర్మనీలో ఎమిల్ క్రెపెలిన్ అనే మానసిక వైద్యుడు ఈ జబ్బును వర్ణించినప్పుడే రోగుల ధ్యాస దెబ్బతినడం గురించి రాశాడని కూడా సార్ చెప్పారు.

మరో పని కూడా చేశారు. మందుల వల్ల చేతులు వణకకుండా, ఒళ్లు బిగుసుకోకుండా ఇచ్చే ట్రైహెక్సీఫెనిడిల్ అనే బిళ్ల నాకు మొదటినుంచీ నడుస్తుండేది. అది జ్ఞాపకశక్తిని ఇంకా తగ్గించగలదు. నాకు వణుకు లేదని చూసుకుని, ఆయనే మెల్లగా తగ్గిస్తూ ఆపేశారు. ఈ మాట చదివి ఎవరూ సొంతంగా ఆపొద్దు. తగ్గించవచ్చా అని డాక్టర్‌ను అడగండి, అంతే.

తర్ఫీదు కోసం హైదరాబాద్‌లో ఒక క్లినికల్ సైకాలజిస్టు దగ్గరికి పంపారు. మల్లేపల్లిలో బస్సు మారి పోయేవాళ్లం. మొదట ఒక పూటంతా పరీక్షలు. మేడం అంకెలు చెప్తే అదే వరుసలో చెప్పాలి, తర్వాత వెనక నుంచి చెప్పాలి. పదిహేను మాటలు చదువుతారు, గుర్తున్నన్ని చెప్పాలి. మళ్లీ చదువుతారు, మళ్లీ చెప్పాలి. కాసేపు వేరే పని చేయించి, మళ్లీ అవే అడుగుతారు. అంకెకొక గుర్తు ఇచ్చి గడులు నింపమంటారు, గడియారం నడుస్తుంటుంది. ఒక నిమిషంలో ఎన్ని జంతువుల పేర్లు చెప్పగలవో చెప్పమంటారు. పశువుల మధ్య పెరిగినదాన్ని, బర్రె, మేక, కోడి తర్వాత ఆగిపోయాను. ఏడుపొచ్చింది. మేడం మంచినీళ్లిచ్చి కాసేపు ఆగారు.

ఫలితాలు కాగితం మీద చూపించారు. ధ్యాస, కొత్తవి నేర్చుకోవడం, వేగం తగ్గాయి. భాష, పాత జ్ఞాపకాలు, లెక్క చేసే పద్ధతి బాగున్నాయి. నా బద్ధకం అనుకున్నదానికి కొలత ఒకటి ఉందని, అది కాగితం మీద కనిపిస్తుందని ఆ రోజు తెలిసింది. ఆ కాగితాన్ని అన్న అమ్మకు, నాయినకు చదివి వినిపించాడు. నాయిన ఏమీ అనలేదు. ఆ తర్వాత మా ఇంట్లో బద్ధకం అన్న మాట నా చెవిన పడలేదు.

వారం వారం హైదరాబాద్ పోయే స్తోమత మాకు లేదు. మేడం అందుకే ఇంటి దగ్గర చేసే పద్ధతి నేర్పారు. బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌లో, కొత్తగా జబ్బు పడ్డవాళ్లకు మామూలు చికిత్సతో పాటు ఇంటి దగ్గరే ఇలాంటి తర్ఫీదు ఇచ్చి పరీక్షించారని, ఆ అధ్యయనం 2012లో అచ్చయిందని చెప్పారు. కంప్యూటర్ ఉండాల్సిన పని లేదు. కాగితం, పెన్సిలు, ఇంట్లో పప్పుగింజలు, పక్కన కూర్చునే మనిషి ఉంటే సరిపోతుంది. ఆ మనిషి మా వదిన.

మొదటిది గింజలు. కందులు, పెసలు, మినుములు, బొబ్బర్లు ఒక పళ్లెంలో కలిపి, వేటికవి గిన్నెల్లో వేయాలి. ఎంతసేపు పట్టింది, ఎన్ని తప్పుగా పడ్డాయి, రెండూ నోటుబుక్కులో రాయాలి. కొన్ని వారాల తర్వాత పెసలు మాత్రమే ఏరి మిగతావి ముట్టకూడదు. ఆ తర్వాత టీవీ పెట్టి ఏరాలి. చివరికి ఒక కంది, ఒక మినుము, మార్చి మార్చి ఏరాలి. పదింట్లో ఎనిమిది సరిగ్గా వచ్చేదాకా తర్వాతి మెట్టుకు పోనిచ్చేది కాదు వదిన. మొదట తేలికవే ఇవ్వడానికి కారణం ఉందట. ఈ జబ్బులో తప్పులు చేస్తూ నేర్చుకుంటే ఆ తప్పే తలలో పాతుకుపోతుంది, తప్పు పడకుండా చిన్నచిన్న మెట్లలో పోతే నిలుస్తుంది.

రెండోది పేపరు. జిల్లా ఎడిషన్‌లో ఒక వార్త తీసుకుని అందులో "మ" ఎక్కడుంటే అక్కడ కొట్టేయాలి. తెలుగులో "మ", "య" ఎంత దగ్గరగా ఉంటాయో ఈ పనిలో కూర్చుంటే తెలుస్తుంది. మొదటి రోజుల్లో "య"లన్నీ కొట్టేశాను, అసలు "మ"లు కొన్ని వదిలేశాను. ఆ తర్వాత అదే వార్తను వదిన చదివితే నేను తిరిగి చెప్పాలి. ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, ఏం జరిగింది, చివరికి ఏమైంది అని అయిదు వేళ్ల మీద పెట్టుకుని చెప్పడం మేడం నేర్పారు. వేలు ముడిస్తే ఆ ముక్క వచ్చేది.

ఒకనాడు అమ్మ చూసి కంటతడి పెట్టుకుంది. "డిగ్రీ చదివిన పిల్లను కూసోబెట్టి పప్పులేరిపిస్తున్నవు. ఇట్ల రోగం పోతదా?" అని వదినను అడిగింది. "మందు లెక్కనే ఇది అత్తమ్మా. మేడం చెప్పింది. మధ్యల ఆపితే లాభం లేదు" అని వదిన మెల్లగానే అన్నది గానీ పళ్లెం తీయలేదు. నాకూ చాలాసార్లు చిన్నపిల్లను చేసి ఆడిస్తున్నట్టే అనిపించింది. చేయనని లేచిపోయిన రోజులూ ఉన్నాయి. అప్పుడు వదిన నోటుబుక్కులో మొదటి వారం పేజీ, ఈ వారం పేజీ పక్కపక్కన తెరిచి పెట్టేది. బుజ్జగించేది కాదు, పొగిడేది కాదు. అంకెలు చూసుకుని నేనే వచ్చి కూర్చునేదాన్ని.

గింజలు ఎంత వేగంగా ఏరినా అది గింజల దగ్గరే ఆగిపోతుందని మేడం మొదటిరోజే చెప్పారు. ఇది నాకు అన్నిటికన్నా విలువైన మాట. 2021లో ఇటలీ మానసిక వైద్యుడు ఆంటోనియో వీటా, ఆయన తోటి పరిశోధకులు 130 అధ్యయనాలను కలిపి చూశారు. వాటిలో పాల్గొన్నవాళ్లు 8,851 మంది. ఈ తర్ఫీదు వల్ల ఆలోచనా శక్తిలో, రోజువారీ పనిలో మెరుగు కనిపించింది. సగటున చూస్తే అది పెద్ద మెరుగేమీ కాదు, చిన్నదీ మధ్యస్థమూ నడుమ ఉంటుంది. అయితే నాలుగు అంశాలు కలిసిన చోట ఫలితం బాగుంది: శిక్షణ పొందిన మనిషి దగ్గరుండి నడిపించడం, మళ్లీ మళ్లీ సాధన, ఉపాయాలను పద్ధతిగా నేర్పడం, వాటిని నిజమైన పనికి, నలుగురిలో బతుకుకు ముడిపెట్టడం. ఫోన్‌లో మెదడు ఆటలు దింపుకుని ఒంటరిగా ఆడితే ఈ నాలుగింట్లో ఉండేది ఒక్కటే.

ఉపాయాల విషయానికొస్తే, నాకు ముందుగా పనికొచ్చింది అంకెలను ముక్కలు చేయడం. ఆధార్ కార్డు మీద నంబరును నాలుగు నాలుగు చొప్పున విడగొట్టి అచ్చేస్తారు. అన్నేళ్లు అదే కార్డు చూస్తూ పనిచేసి కూడా దాన్ని పట్టించుకోలేదు, అప్పట్లో అవసరం పడలేదు. ఇప్పుడు నాలుగు చదవడం, కొట్టడం, వేలితో సరిచూసుకోవడం, తర్వాతి నాలుగుకు పోవడం. ఓటీపీ అయితే మూడు, మూడు. రెండోది, చేస్తున్న పనిని పైకి చెప్పుకోవడం. "పేరు అయింది, ఇప్పుడు తండ్రి పేరు" అని నెమ్మదిగా అనుకుంటూ చేస్తే మధ్యలో ఎవరు పిలిచినా తిరిగి అక్కడికే రాగలను. మూడోది, విన్నది విన్నట్టే కాగితం మీద పెట్టడం. తలలో దాచుకోవాలని చూడటం మానేశాను.

ఇవన్నీ పెట్టడానికి నిజమైన పని ఏది? సెంటర్ పోయింది. వదిన పొదుపు సంఘం లీడరు. సంఘం పుస్తకాలు నాతో రాయిస్తానని మీటింగులో అడిగింది. కొందరు తలలు వంచుకున్నారు. ఒక పెద్దామె మాత్రం సూటిగా "లెక్క తప్పితే జవాబు ఎవరిది?" అన్నది. ఆమె అడిగింది న్యాయమే. పేదోళ్ల పైసలు అవి. వదిన రాత నాదని, జవాబు తనదని చెప్పింది. రాసిన ప్రతి లెక్కా మీటింగు ముగిసేలోపు చదివి వినిపించాలని, అందరూ తమ పాసుపుస్తకంతో సరిచూసుకోవాలని మాట అయింది.

మొదటి మీటింగులో చేతులు చెమటలు పట్టాయి. పొదుపు కట్టేవాళ్లు కడుతుంటారు, అప్పు కిస్తు కట్టేవాళ్లు ఇంకోవైపు, స్త్రీనిధి గురించి ఒకరు, పిల్ల పెళ్లి గురించి ఒకరు, అన్నీ ఒకేసారి. నా తల మళ్లీ సెంటర్‌లోకి పోయినట్టయింది. పెన్ను ఆగింది. ఇలా జరుగుతుందని ముందే అనుకుని మేడం నాతో ఒక మాట చాలాసార్లు అనిపించారు. అదే అన్నాను: "ఒక్కొక్కరు చెప్పుండ్రి, నేను రాసినంక రెండో ఆమె." అంతే, ఆగారు. ఇంత సులువుగా ఆగుతారని నేను అనుకోలేదు. పేరు, పొదుపు, కిస్తు, చదివి వినిపించడం, తర్వాతి పేరు. ఆ పద్ధతి పడ్డాక సంఘం మీటింగు తొందరగా అయిపోతోందని ఆ పెద్దామే ఒప్పుకుంది.

మనుషుల మొహాల సంగతి కూడా చెప్పాలి. దూరంగా ఇద్దరు నవ్వితే నన్ను చూసే నవ్వారని నా మనసు క్షణంలో తేల్చేసేది. మేడం దానికి ఒక ఆట ఆడించారు. రెండు డబ్బాలు, ఒకదాంట్లో ఎర్ర పూసలు ఎక్కువ, ఇంకోదాంట్లో నీలం ఎక్కువ. ఏ డబ్బాలోంచి తీస్తున్నారో చెప్పరు, ఒక్కొక్క పూసా చూపిస్తారు. ఏ డబ్బానో నేను చెప్పాలి, ఎన్ని పూసలు కావాలన్నా అడగొచ్చు. రెండు పూసలకే చెప్పేశాను. ఈ జబ్బు ఉన్నవాళ్లలో చాలామంది ఇలా తక్కువ ఆధారంతో తేల్చేస్తారట. జర్మనీలో హాంబర్గ్‌లో స్టెఫెన్ మోరిట్జ్ బృందం ఇలాంటి తొందరపాటు మీదే ఒక తర్ఫీదు తయారుచేసింది. ఇప్పుడు ఎవరైనా నవ్వితే, ఇంకో రెండు కారణాలు ఏమైనా ఉంటాయా అని వెతుక్కుంటాను. చాలాసార్లు మొదట దొరికేదే సరైన కారణం అవుతుంది: వాళ్ల మధ్య ఏదో మాట నడుస్తోంది, అందులో నేను లేను.

కొన్ని నెలల తర్వాత మేడం అవే రకం పరీక్షలు మళ్లీ పెట్టారు. ధ్యాస బాగా మెరుగైంది, మాటలు గుర్తుపెట్టుకోవడం కొంత పెరిగింది. వేగం దాదాపు అక్కడే ఉంది. అది ఇంతకన్నా పెరుగుతుందని మాట ఇవ్వలేనని మేడం సూటిగా చెప్పారు. అలా చెప్పినందుకే నాకు ఆమె మీద నమ్మకం పెరిగింది. వేగం అవసరం లేని పని వెతుక్కోవాలని ఇద్దరం కలిసి నిర్ణయించుకున్నాం. ఇప్పుడు సంఘం లెక్కలతో పాటు, ఊళ్లోనే ఎరువుల దుకాణంలో మధ్యాహ్నం దాకా స్టాకు రిజిస్టరు రాస్తున్నాను. నా జబ్బు సంగతి, నేను ఒకసారికి ఒకే పని చేస్తానన్న సంగతి చేరేముందే చెప్పాను. నిద్ర తక్కువైన రోజు తప్పులు పెరుగుతాయి, ఆ రోజు ప్రతి వరుసా రెండుసార్లు చూస్తాను.

ఈమధ్య పక్క తండా నుంచి ఒకామె వచ్చింది. కొడుక్కి ఇదే జబ్బు, మందులతో గొంతులు తగ్గాయి, కానీ పొద్దంతా గోడకేసి చూస్తూ కూర్చుంటాడని, నేను చేసిన గింజల పని చెప్పమని అడిగింది. గింజలు తర్వాత, ముందు డాక్టర్ దగ్గర మూడు సంగతులు అడగమని కాగితం మీద రాసిచ్చాను. అబ్బాయి ధ్యాస, జ్ఞాపకం కొలిచే పరీక్ష చేయించగలరా, మతిమరుపు పెంచే బిళ్ల ఏదైనా నడుస్తోందా, ఇంటి దగ్గర చేసే తర్ఫీదు నేర్పే సైకాలజిస్టు దగ్గరికి పంపగలరా. రాత్రిపూట భయమేస్తే ఫోన్ చేయడానికి ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416 కూడా కిందనే రాశాను, అక్కడ తెలుగులో మాట్లాడతారు, పైసలు పడవు. అబ్బాయికి ఏ పని ఇష్టమని వదిన అడిగితే, జబ్బుకు ముందు మేకల లెక్క అంతా వాడే చూసేవాడని చెప్పింది. అయితే తర్ఫీదు మేకల లెక్కతోనే మొదలుపెట్టమని మేడంను అడుగుదామన్నది వదిన. వచ్చే సోమవారం అన్న వాళ్లను వెంటబెట్టుకుని నల్గొండ ఓపీకి పోతున్నాడు.